మొదటిసారి లివ్‌అబోర్డ్ డైవింగ్: బోటు ఎంచుకోవడం నుంచి తిరుగు విమానం దాకా

లివ్‌అబోర్డ్ అంటే నిద్ర, తిండి, డైవింగ్ అన్నీ ఒకే బోటు మీద. ఒడ్డున బస చేసి రోజూ బోటులో వెళ్లొచ్చేవాళ్లు సాధారణంగా రోజుకు రెండు డైవులు చేస్తారు. లివ్‌అబోర్డ్‌లో మూడు, నాలుగు చేస్తారు. అలా ఐదారు రోజులు వరసగా. రాత్రి మీరు పడుకున్నాక బోటు కదులుతుంది, తెల్లారి లేచేసరికి కొత్త రీఫ్ (పగడపు దిబ్బ) దగ్గర ఆగి ఉంటుంది. ఒడ్డు నుంచి వచ్చే బోట్లకు అందని చోట్లు చూడాలంటే ఇదే మంచి దారి.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అలసట, చలి, చెవుల మీద ఒత్తిడి, పీల్చిన గాలిలోంచి ఒంట్లో మిగిలిపోయే నైట్రోజన్, ఇవి రోజురోజుకూ పోగవుతాయి. మొదటి రోజు ఏమీ తెలియదు. మూడో రోజు మధ్యాహ్నానికి తెలుస్తుంది. ఆఖరి రోజు డైవ్‌ని కూడా మొదటి రోజంత హాయిగా చేయగలగాలన్నదే నా లెక్క. కింద చెప్పేవన్నీ దాని కోసమే.

చోటు, కాలం

ఫొటోలు చూసి చోటు ఎంచుకోకండి. ముందు మీ లాగ్‌బుక్ తీయండి. ఇప్పటిదాకా ఎన్ని డైవులు చేశారు, ప్రవాహం ఉన్న చోట ఎప్పుడైనా దిగారా, ఆఖరిసారి నీళ్లలో ఉన్నది ఎప్పుడు? ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో 18 మీటర్ల దాకా, అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్‌తో 30 మీటర్ల దాకా దిగవచ్చు. చాలా లివ్‌అబోర్డ్ బోట్లు అడ్వాన్స్‌డ్ ఉండాలని అడుగుతాయి. కొన్ని ఆ కోర్సును ప్రయాణంలోనే చేయిస్తామంటాయి గానీ, ముందే పూర్తి చేసుకుని వెళ్తే బోటు మీద గడిపే రోజులు పూర్తిగా మీవే అవుతాయి.

థాయ్‌లాండ్‌లోని సిమిలాన్ దీవులు, ఆస్ట్రేలియాలో కెయిర్న్స్ నుంచి బయల్దేరే గ్రేట్ బారియర్ రీఫ్ ట్రిప్పులు మొదటిసారికి బాగుంటాయి. మాల్దీవుల్లోని మధ్య అటోల్స్ (ఉంగరంలా ఏర్పడ్డ పగడపు దీవుల వరసలు) కూడా మంచివే. కాకపోతే అక్కడ పేరున్న డైవుల్లో చాలావాటిని చానెల్స్‌లో చేస్తారు. అంటే అటోల్ లోపలికీ బయటికీ నీరు పారే దారుల్లో. అక్కడ ప్రవాహం బలంగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు ఏ డైవులు చేయిస్తారో ముందే అడగండి. ఇండోనేషియాలోని కొమొడోలో ప్రవాహాలు ఇంకా గట్టివి, దాని దక్షిణ భాగంలో నీళ్లు చల్లగా కూడా ఉంటాయి. ఈక్వడార్‌కు చెందిన గాలపగోస్, కోస్టారికాకు చెందిన కోకోస్ దీవి పెద్ద షార్కులకు పేరుపొందిన చోట్లు. ఎంత ఆశగా ఉన్నా వాటిని తర్వాతి ట్రిప్పుకు ఉంచుకోండి. బోటు కనీసం 50 డైవుల అనుభవం అడిగితే ఆ నిబంధనను తప్పించుకునే దారి వెతకవద్దు. ఆ అంకె మీ ప్రాణం కోసం పెట్టింది.

కాలం సంగతి కూడా చూసుకోవాలి. సిమిలాన్ నేషనల్ పార్క్‌ను వానాకాలంలో, సుమారు మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. ఫిలిప్పీన్స్‌లోని తుబ్బతాహ రీఫ్‌కి సముద్రం అనుకూలించేది మార్చి మధ్య నుంచి జూన్ మధ్య వరకే. మాల్దీవుల్లో బోట్లు ఏడాది పొడవునా తిరుగుతాయి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా వాన తక్కువ, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో గాలివాన, అలలు ఎక్కువే గానీ నీళ్లలో ప్లాంక్టన్ (నీటిలో తేలే చిన్న జీవులు) పెరిగి, వాటిని తినే మాంటా రేలు అనే పెద్ద రెక్కల చేపలు గుంపులుగా వస్తాయి. ఆ మాంటాలకు ప్రసిద్ధి చెందిన హనిఫారు బేలో మాత్రం స్కూబాకు అనుమతి లేదు, స్నార్కెలింగ్ మాత్రమే చేయనిస్తారు. మొదటి ట్రిప్పుకి నెమ్మదైన సముద్రాన్నే ఎంచుకోమంటాను.

డబ్బు కట్టే ముందు

టికెట్ ధరలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. పార్క్ ఫీజులు, నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి), అద్దె సామాను, ఇంధనం మీద అదనపు రుసుము, సిబ్బందికి ఇచ్చే టిప్పు చాలాచోట్ల విడిగా ఉంటాయి. కొన్నింటిని బోటు మీద నగదుగానే కట్టాలి.

అంతకంటే ముఖ్యంగా అడగాల్సినవి భద్రత గురించిన ప్రశ్నలు. రాత్రంతా మెలకువగా ఉండి బోటంతా తిరిగే కాపలా మనిషి ఉన్నారా? కింది క్యాబిన్ల నుంచి బయటపడటానికి రెండు వేర్వేరు దారులు ఉన్నాయా? పొగను పసిగట్టే అలారాలు ఉన్నాయా? ఆక్సిజన్ కిట్ ఎంత పెద్దది, ఎంతమందికి సరిపోతుంది? దగ్గర్లోని రీకంప్రెషన్ చాంబర్, అంటే ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టినవాళ్లకు ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది, ఎంత దూరం? 2019 సెప్టెంబర్ 2 తెల్లవారుజామున కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవ్ బోటు కాలిపోయి, కింది డెక్‌లో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. రాత్రి తిరిగే కాపలా లేకపోవడాన్ని అమెరికా రవాణా భద్రతా బోర్డు ప్రధానంగా తప్పుపట్టింది. ఇలాంటి ప్రశ్నలకు విసుక్కునే ఆపరేటర్‌ని వదిలేయండి, ధర ఎంత తక్కువైనా సరే.

ఇన్సూరెన్స్ తప్పనిసరి. మామూలు ప్రయాణ బీమా డైవింగ్‌ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు, తీసుకున్నా లోతుకు హద్దు పెట్టవచ్చు. చాంబర్ చికిత్స, సముద్రం మీద నుంచి తరలింపు రెండూ ఉన్నాయో లేదో పాలసీలో చదివి చూడండి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, అంటే డాన్ వంటి సంస్థల బీమా ప్రత్యేకంగా డైవర్ల కోసమే ఉంది.

బోటు పంపే వైద్య ప్రశ్నావళిని ఆ రోజే చదవండి. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటి వాటికి ‘అవును’ అని రాయాల్సి వస్తే డాక్టర్ సంతకం కావాలి. నడిసముద్రంలో ఆ సంతకం దొరకదు. సంతకం లేకపోతే నీళ్లలో దిగనివ్వరు. దాచిపెట్టి దిగడం అంతకంటే ప్రమాదం.

క్యాబిన్ ఎంచుకునే వీలుంటే, కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్లు బోటు మధ్యలో, కిందివైపు ఉన్నది తీసుకోండి. ఊపు అక్కడ తక్కువ. ఇంజిన్ శబ్దం కాస్త భరించాలి, ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే సరిపోతుంది.

ఒకటి రెండు నెలల ముందు

డైవ్ చేసి ఆరు నెలలు దాటిందంటే రిఫ్రెషర్, అంటే నేర్చుకున్నవి గుర్తుచేసే చిన్న కోర్సు, చేయండి. మాస్క్ తీసి మళ్లీ పెట్టుకోవడం, నోట్లోంచి జారిన రెగ్యులేటర్‌ని (ట్యాంకు గాలిని నోటికి అందించే పరికరం) వెతికి పట్టుకోవడం, గాలి అయిపోయిందని చెప్పే సైగ ఇవన్నీ ఆలోచించకుండా చేతికి రావాలి. దీంతోపాటు మూడు పనులు చేసుకుని వెళ్లండి.

మొదటిది బయాన్సీ. పైకి తేలిపోకుండా, కిందికి జారకుండా నీళ్లలో అనుకున్న చోట నిలబడగలగడం. చాలామంది కొత్తవాళ్లు అవసరానికి మించి సీసం బరువులు కట్టుకుంటారు. దాంతో బీసీడీలోకి, అంటే గాలి నింపి తేలే జాకెట్‌లోకి, గాలి ఎక్కువ నింపాల్సి వస్తుంది, ఒళ్లు నిటారుగా అవుతుంది, ఫిన్లు పగడాలకు తగులుతాయి, ట్యాంకులో గాలి త్వరగా అయిపోతుంది. బరువు సరిగ్గా ఉందో లేదో డైవ్ చివర్లో చూడాలి. ఎందుకంటే మామూలుగా వాడే అల్యూమినియం ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ తేలికై పైకి లాగుతుంది. ట్యాంకులో 50 బార్ (గాలి ఒత్తిడికి కొలత) మిగిలినప్పుడు, బీసీడీలో దాదాపు గాలి లేకుండా 5 మీటర్ల దగ్గర నిలబడగలిగితే అదే మీ సరైన బరువు. ఆ అంకెను, అప్పుడు వేసుకున్న వెట్‌సూట్ మందాన్ని రాసి పెట్టుకోండి. బోటు మీద మొదటి డైవ్‌కి ముందు ఎన్ని కిలోలు కావాలని అడుగుతారు, చాలామంది నీళ్లు నములుతారు.

రెండోది సర్ఫేస్ మార్కర్ బోయ్. పైకి వచ్చేముందు గాలి నింపి వదిలే పొడవాటి రంగు బుడగ ఇది. నీళ్లలో ఉండగా దీన్ని విప్పి, రీల్ దారం కాళ్లకో చేతులకో చుట్టుకోకుండా పైకి పంపడం సులువేమీ కాదు. దాని వెంట మీరూ పైకి లేచిపోకూడదు. స్విమ్మింగ్ పూల్‌లో ఓపిగ్గా సాధన చేయండి. అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంత కూడా కనిపించదు. బోటు నడిపేవాళ్లు వెతికేది ఈ రంగు గొట్టాన్నే.

మూడోది నైట్రాక్స్ కోర్సు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటుంది. బోట్ల మీద ఎక్కువగా ఇచ్చే నైట్రాక్స్‌లో 32 శాతం. నైట్రోజన్ తగ్గుతుంది కాబట్టి ఒంట్లో పేరుకునేదీ తగ్గుతుంది, రోజుకు నాలుగు డైవులు చేసేచోట అది పెద్ద ఊరట. కానీ నైట్రాక్స్‌తో ఇంకా లోతుకు వెళ్లవచ్చని కొందరు అనుకుంటారు, నిజం దానికి తలకిందులు. 32 శాతం మిశ్రమంతో సుమారు 33 మీటర్లు దాటకూడదు. దాటితే ఆ ఆక్సిజనే విషమై నీళ్లలో ఫిట్స్ తెప్పించవచ్చు. ప్రతి ట్యాంకునూ అనలైజర్‌తో మీరే కొలవాలి, వచ్చిన అంకెను డైవ్ కంప్యూటర్‌లో (లోతు, సమయం లెక్కపెట్టే పరికరం) మీరే పెట్టాలి, రిజిస్టర్‌లో సంతకం చేయాలి. ఈ పనిని పక్కవాళ్లకు అప్పగించకండి.

సంచిలో ఏముండాలి

గట్టి సూట్‌కేస్ వద్దు, క్యాబిన్‌లో పెట్టే చోటుండదు. ఖాళీ అయ్యాక మడతపెట్టగలిగే మెత్తని బ్యాగు తీసుకెళ్లండి. బట్టలు చాలా తక్కువ సరిపోతాయి. చెప్పులు కూడా ఎక్కగానే బుట్టలో వేయించేస్తారు, చాలా బోట్ల మీద వట్టి కాళ్లతోనే తిరుగుతారు.

మిగతా సామాను అద్దెకు తీసుకున్నా రెండు వస్తువులు మాత్రం మీవే ఉండాలి: ముఖానికి సరిపోయే మాస్క్, డైవ్ కంప్యూటర్. ఆ వారమంతా మీ ఒంట్లో ఎంత నైట్రోజన్ మిగిలిందో కంప్యూటర్ లెక్క పెడుతూ ఉంటుంది. అందుకే మధ్యలో దాన్ని మార్చకూడదు, ఇంకొకరితో పంచుకోకూడదు. బయల్దేరే ముందే దాని మీటలు, హెచ్చరికల శబ్దాలు, డెకో (పైకి వచ్చే దారిలో తప్పనిసరిగా ఆగాల్సిన సమయం) చూపించే తీరు నేర్చుకోండి.

ఉష్ణమండలపు నీళ్లు 27 నుంచి 30 డిగ్రీలు ఉంటాయి కాబట్టి చలి ఏముంటుందిలే అనుకోవద్దు. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. 3 మిల్లీమీటర్ల నిలువు వెట్‌సూట్, పలచటి హుడ్ ఒకటి పెట్టుకోండి. పైకి వచ్చాక గాలి తగలకుండా కప్పుకోవడానికి జాకెట్ కూడా కావాలి. ఇవి కాక బోయ్, విజిల్, రెండు టార్చిలు, మాస్క్ పట్టీ, ఫిన్ పట్టీ, మౌత్‌పీస్ లాంటి చిన్న విడిభాగాలు. లిథియం బ్యాటరీలు విమానంలో చేతి సంచిలోనే ఉండాలి.

సన్‌స్క్రీన్‌లో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నాయేమో చూడండి. పగడాలకు హాని చేస్తాయని పలావు దేశం 2020 జనవరి 1 నుంచి ఇలాంటి రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లను నిషేధించింది. నిండు చేతుల రాష్ గార్డ్, టోపీ ఉంటే సన్‌స్క్రీన్ అవసరమే చాలావరకు తగ్గిపోతుంది.

సీ సిక్‌నెస్ మాత్రలను ఇంట్లో ఒక సెలవు రోజు వేసుకుని చూడండి. కొన్నింటికి బాగా మగత వస్తుంది, ఆ మగతతో డైవ్ చేయకూడదు. ఏది వాడాలో డాక్టర్‌ని అడగండి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ప్రయోజనం ఉండదు, బోటు కదలకముందే వేసుకోవాలి.

ఎక్కిన మొదటి సాయంత్రం

సేఫ్టీ బ్రీఫింగ్ జరుగుతుంటే ఫోన్ పక్కన పెట్టేయండి. అది ముగిశాక క్యాబిన్ నుంచి రెండు దారుల్లోనూ బయటి డెక్ దాకా ఒకసారి నడిచి చూడండి. రెండో దారి చాలాసార్లు మంచం మీదుగానో పైకప్పులోని తలుపు గుండానో ఉంటుంది, దాన్ని తెరిచి చూపించమని అడగండి. లైఫ్ జాకెట్ ఎక్కడుందో చేత్తో తాకి చూడండి. కెమెరా, టార్చి బ్యాటరీలను బోటు చూపించిన చోటే, మనుషులు మెలకువగా ఉన్నప్పుడే చార్జింగ్ పెట్టండి. రాత్రి క్యాబిన్‌లో చార్జింగ్‌కి పెట్టి నిద్రపోకండి.

డైవ్ డెక్ మీద మీకంటూ ఒక స్థలం ఇస్తారు. ట్యాంకు అక్కడే ఉంటుంది, డైవ్ అయ్యాక సిబ్బంది దాన్ని అక్కడే నింపుతారు. మీ చిన్న సామానంతా కింద ఉన్న బుట్టలోకి పోవాలి, నేల మీద ఉంటే ఎవరో ఒకరు తొక్కుతారు. కెమెరాలు కడిగే నీళ్ల తొట్టిలో మాస్కులు ముంచకండి. తాగే నీరు, స్నానం నీరు బోటు మీదే సముద్రపు నీటి నుంచి తయారవుతాయి, కాబట్టి పొదుపుగా వాడండి. టాయిలెట్‌లో కాగితం వేయొద్దని చెప్తారు, ఆ మాట పాటించండి.

మొదటి డైవ్‌ని చెక్ డైవ్ అంటారు. లోతు తక్కువ, ప్రవాహం తక్కువ ఉన్న చోట చేయిస్తారు. గైడ్ మిమ్మల్ని చూసి గుంపు నిర్ణయించేది అప్పుడే. బాగా చేస్తున్నట్టు కనిపించాలని టెన్షన్ పడకండి. గాలి త్వరగా అయిపోతుందా, చెవులు ఆలస్యంగా సర్దుకుంటాయా, చీకటంటే భయమా, దాచకుండా చెప్పేయండి. అవి తెలిస్తేనే గైడ్ మీకు తగిన జోడీని ఇవ్వగలరు.

నీళ్లలో

రోజు ఇలా సాగుతుంది: పొద్దున్నే ఏదో కొంచెం తిని మొదటి డైవ్, తర్వాత టిఫిన్, రెండో డైవ్, భోజనం, కునుకు, మూడోది, చీకటిపడ్డాక నాలుగోది. ప్రతిదానికీ ముందు బోర్డు మీద బొమ్మ గీసి బ్రీఫింగ్ ఇస్తారు. అందులో మూడు విషయాలు తప్పకుండా పట్టుకోండి: ప్రవాహం ఎటు, ఎంత గాలి ఉన్నప్పుడు గైడ్‌కి చెప్పాలి, విడిపోతే ఏం చేయాలి. విడిపోతే సాధారణంగా ఒక నిమిషం చుట్టూ వెతికి, కనిపించకపోతే మెల్లగా పైకి వచ్చేయాలి.

దిగేటప్పుడు చెవులను నొప్పి రాకముందే, మీటరు మీటరుకూ సర్దుకోండి. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లు మించకండి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి. అవసరం లేని డైవ్‌లో కూడా ఆగండి, వారమంతా పోగయ్యే నైట్రోజన్‌కి ఆ కొన్ని నిమిషాలు చాలా మేలు చేస్తాయి. ప్రవాహం మరీ గట్టిగా ఉంటే ఎదురీదకండి. రీఫ్‌కి దగ్గరగా, కిందుగా జరిగితే దాని వేగం తగ్గుతుంది. ఎదురీదేకొద్దీ ఊపిరి ఎగదోస్తుంది, గాలి అయిపోతుంది, ఒగర్పుతో భయం పుడుతుంది.

జంతువుల్లో షార్కులంటే కొత్తవాళ్లకు బెంగ. రీఫ్ షార్కులు మామూలుగా మిమ్మల్ని పట్టించుకోవు. గూడు కాపలా కాస్తున్న టైటాన్ ట్రిగ్గర్‌ఫిష్‌తోనే జాగ్రత్తగా ఉండాలి. గూటి నుంచి పైకి గరాటులా విచ్చుకునే నీళ్లంతా తనదే అనుకుంటుంది అది. మీదికి వస్తే పైకి పోకండి, అడ్డంగా పక్కకు ఈదిపోండి. రాయిలా కదలకుండా ఉండే స్టోన్‌ఫిష్, స్కార్పియన్‌ఫిష్ వెన్నుముళ్లలో విషం ఉంటుంది. అసలు దేన్నీ ముట్టుకోకపోతే ఈ సమస్యే రాదు, పగడాలూ బతుకుతాయి. మొదటి రెండు మూడు డైవులు కెమెరా లేకుండా చేయండి. బయాన్సీ కుదిరాక అది పట్టుకోవచ్చు.

పైకి వచ్చి బోటెక్కాక పేర్లు పిలుస్తారు. మీ పేరుకి మీరే పలకాలి, స్నేహితుడి తరఫున పలకకూడదు. 1998లో గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక డైవ్ బోటు తలలు సరిగ్గా లెక్కపెట్టకుండా ఇద్దరిని నీళ్లలోనే వదిలేసి వెళ్లిపోయింది, వాళ్లు మళ్లీ దొరకలేదు.

ఒంటి మాట

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. ట్రిప్పుకి డబ్బు పోశాం కదా అని ప్రతి డైవ్‌లోనూ దిగాల్సిన పనిలేదు. వారం మధ్యలో ఒకటి, వీలైతే రెండు డైవులు కావాలనే మానేయండి. రాత్రి డైవ్‌కి దిగబుద్ధి కాకపోతే కారణం ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఈసారి రానంటే చాలు. మంచి గైడ్ ఎవరూ ఎందుకని అడగరు. ఆ పూట నిద్రపోయినవాళ్లు మర్నాడు పొద్దున చక్కగా డైవ్ చేస్తారు.

మంచినీళ్లు రోజంతా తాగుతూ ఉండండి. మూత్రం లేత రంగులో ఉంటే సరిపడా తాగుతున్నట్టు. బీరు తాగాలనుంటే ఆ రోజు డైవులన్నీ అయిపోయాకే. ప్రతి డైవ్ తర్వాత చెవుల్లో మంచినీళ్లు పోసి కడిగి, తల వంచి ఆరబెట్టండి. బయటి చెవిలో ఇన్ఫెక్షన్ వచ్చి నాలుగో రోజుకే నీళ్లకు దూరమయ్యేవాళ్లు చాలామంది ఉంటారు. దూదిపుల్లలు అసలు పెట్టకండి. జలుబు చేస్తే ఆగిపోండి. మందు వేసుకుని దిగితే దాని పని మధ్యలో అయిపోయి, పైకి వచ్చేటప్పుడు చెవిలోనూ సైనస్‌లోనూ గాలి బిగుసుకోవచ్చు.

కీళ్లనొప్పి, తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, తల తిరగడం, మామూలుగా లేని నీరసం, వీటిలో ఏది వచ్చినా వెంటనే గైడ్‌కి చెప్పండి. బరువు ఎత్తినందుకు నొప్పి వచ్చిందిలే అని సర్దిచెప్పుకోవడం మనుషులకు అలవాటు. డీకంప్రెషన్ సిక్‌నెస్‌లో, అంటే ఒంట్లోని నైట్రోజన్ బుడగలుగా మారే జబ్బులో, ఆలస్యమే ఎక్కువ నష్టం చేస్తుంది. ముందు స్వచ్ఛమైన ఆక్సిజన్ పెట్టడం మొదలుపెట్టి, తర్వాత అది అవునో కాదో డాక్టర్లు తేలుస్తారు.

తిరుగు ప్రయాణం

వరసగా ఎన్నో డైవులు చేసినవాళ్లు ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదన్నది డాన్ సూచన. చాలా బోట్లు 24 గంటలు ఆగమంటాయి, నేనూ అదే చెప్తాను. టికెట్ కొనేటప్పుడే ఈ లెక్క చూసుకోండి. ఎత్తైన కొండ దారుల్లో ప్రయాణాలకు కూడా ఇది వర్తిస్తుంది.

సామానును మంచినీళ్లలో నానబెట్టి కడగండి. రెగ్యులేటర్ మొదటి దశకు, అంటే ట్యాంకుకు బిగించే భాగానికి, మూత బిగించాకే ముంచాలి. అన్నీ నీడలో ఆరాలి. వాడిన బరువులు, వెట్‌సూట్, చలి అనిపించిందా లేదా అన్నది లాగ్‌బుక్‌లో ఆ రోజే రాయండి, తర్వాతి బోటు మీద మళ్లీ అవే ప్రశ్నలు వస్తాయి. ఇంటికి చేరాక ఒకటి రెండు రోజుల్లో తిమ్మిరో కీళ్లనొప్పో కనిపిస్తే డాక్టర్ దగ్గర మొదటి మాటగా డైవింగ్ చేసి వచ్చానని చెప్పండి, కంప్యూటర్‌ని కూడా వెంట తీసుకెళ్లండి. మీరు ఎంత లోతున ఎంతసేపు ఉన్నారో అందులోనే ఉంటుంది.